కాగితం ముందు, తుపాకి వెనక: మన ఇళ్ళలో మిగిలిన పాత తుపాకుల చరిత్ర



మన గుంపులో ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూ ఉంది. "ఇంట్లో తాతగారి కాలపు డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. ఇప్పుడు పట్టుకునే వాళ్ళు లేరు. చిత్తూరులో ఉండే మేనల్లుడు అడుగుతున్నాడు. ఇచ్చేయచ్చా? పార్సెల్‌లో వేసి పంపచ్చా?" అని. ఒకరు "మన సొత్తు మన ఇష్టం" అంటారు. ఇంకొకరు "ముట్టుకుంటే జైలే" అని బెదిరిస్తారు. రెండూ నిజం కాదు. తుపాకిని చట్టప్రకారం అమ్మచ్చు, ఇవ్వచ్చు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపచ్చు. దానికి ఒక వరుస ఉంది. ఆ వరుస ఎందుకు అలా ఉందో తెలియాలంటే మన పూర్వీకుల చరిత్రలోకి కాస్త పోవాలి. అందుకే ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. ఓపికగా చదవండి.

తిరునెల్వేలి తట్టు నుంచి మొదలుపెడదాం. నాయక రాజుల కాలంలో మదురకు దక్షిణాన ఏర్పడిన పాళెయాలలో చాలావాటిని ఏలినవాళ్ళు తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకులు. పాంచాలంకురిచ్చి వాళ్ళదే, ఎట్టయపురం వాళ్ళదే. పాళెగాడు అంటే పన్ను వసూలు చేసేవాడు మాత్రమే కాదు. ఊళ్ళకు కావలి కాసేవాడు, పిలిస్తే మనుషులతో ఆయుధాలతో వచ్చి నిలబడేవాడు. ఈటె, కత్తి, వత్తి తుపాకి అతని ఇంటి సామాను. వాటికి కాగితం అడిగిన దొర అప్పటిదాకా లేడు.

అది 1799లో మారింది. ఆ ఏడాది అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మనను కయత్తారులో ఉరి తీశారు. మేజర్ బానర్‌మన్ పాళెగాళ్ళ కోటలు పడగొట్టించి, ఆయుధాలు అప్పజెప్పమని ఉత్తర్వు వేశాడు. 1801 ఫిబ్రవరిలో కట్టబొమ్మన తమ్ముడు ఊమైత్తురై పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని మళ్ళీ యుద్ధం లేవదీశాడు. అక్టోబరులో మరుదు సోదరులకు, నవంబరులో ఊమైత్తురైకి ఉరి పడింది. వెంటనే డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన వెలువడింది. లొంగినవాళ్ళకు క్షమాపణ, దానితో పాటే ఆయుధాలు పట్టడం మీద నిషేధం. 1803లో శాశ్వత పరిష్కారం వచ్చేసరికి మిగిలిన పాళెగాళ్ళు జమీందార్లు అయ్యారు. చేతిలో కత్తి పోయి పట్టా వచ్చింది. తుపాకి మన సొంత హక్కుగా ఉన్న కాలం దక్షిణాదిలో అక్కడ ముగిసిందని చెప్పచ్చు. ఆ తరువాత తుపాకి ఉంచుకోవడమంటే సర్కారు దయతో ఉంచుకోవడమే.

1857 తిరుగుబాటు తరువాత ఆ భయం దేశమంతటికీ వచ్చింది. 1860లో ఒక ఆయుధ చట్టం, ఆపైన 1878లో వైస్రాయ్ లిట్టన్ కాలంలో ఇంకా గట్టి చట్టం, 11వ నంబరు చట్టం, వచ్చాయి. నేటి చట్టానికి అదే తల్లి. అందులో మన ప్రశ్నకు సంబంధించినవి నాలుగు సంగతులు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోకూడదు, పట్టుకుని తిరగకూడదు. లైసెన్సు లేకుండా తుపాకుల వ్యాపారం చెయ్యకూడదు. లైసెన్సు లేకుండా బ్రిటిష్ ఇండియా లోపలికి తేకూడదు, బయటికి పంపకూడదు. దేశం లోపల ఆయుధాల రవాణాను కట్టడి చేసే అధికారం గవర్నర్ జనరల్‌కి ఉంటుంది.

వ్యాపారం చెయ్యకూడదు అన్న చోటనే చట్టం ఒక చిన్న వాకిలి తెరిచి పెట్టింది. సొంత వాడకానికి న్యాయంగా ఉంచుకున్న తుపాకిని, ఉంచుకునే అర్హత ఉన్న ఇంకొకరికి అమ్మడానికి వ్యాపార లైసెన్సు అక్కరలేదు. అమ్మిన తరువాత ఆలస్యం చెయ్యకుండా జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషన్‌కో, కొన్నవాడి పేరూ ఊరూ తెలియజేయాలి. మినహాయింపు పొందిన వాళ్ళకు అమ్మితే అదీ అక్కరలేదు. ఈ వాకిలి నేటికీ ఉంది. దాని గడప మాత్రం ఇప్పుడు ఎత్తు పెరిగింది. ఆ సంగతికి తరువాత వస్తాము.

ఇక్కడ హద్దుల మాట చెప్పుకోవాలి. 'బ్రిటిష్ ఇండియా' అన్న మాట చట్టంలో కొలిచి వాడిన మాట. సంస్థానాలు అందులో చేరవు. హోసూరు సేలం జిల్లాలోది, మద్రాసు ప్రెసిడెన్సీ. అత్తిబెలె దాటితే మైసూరు సంస్థానం. మన హోసూరు తెలుగువాళ్ళకు రెండు పక్కలా బంధువులే, రెండు పక్కలా పొలాలే. చట్టం అక్షరం చూస్తే, ఇటు నుంచి అటు పోయిన తుపాకి బ్రిటిష్ ఇండియా దాటి బయటికి పోయినట్టే. పుదుక్కోట కూడా సంస్థానమే, చుట్టూ బ్రిటిష్ జిల్లాలు. హైదరాబాదు నిజాముది. పుదుచ్చేరి, యానాం ఫ్రెంచివాళ్ళవి. కాకినాడ నుంచి యానానికి ఒక పూట ప్రయాణమైనా 1954 దాకా అది పరదేశమే. సొంత వాడకానికి మితంగా తెచ్చుకునేదానికి చట్టం సడలింపు ఇచ్చింది. అమ్మకానికి పంపేదానికి ఆ సడలింపు లేదు. పెళ్ళి సంబంధాలకు, పశువుల సంతకు అడ్డం రాని హద్దు తుపాకి దగ్గర అడ్డం వచ్చింది.

ఈ చట్టంలో మనవాళ్ళను ఎక్కువ నొప్పించింది లైసెన్సు కాదు, మినహాయింపు. 27వ సెక్షన్ కింద సర్కారు తలచిన వాళ్ళకు చట్టం వర్తించకుండా చెయ్యచ్చు. అలా యూరోపియన్లకు లైసెన్సు అక్కరలేదు. రాజాలు, పెద్ద జమీందార్లు, బిరుదులవాళ్ళకు కొన్ని మినహాయింపులు. మామూలు రైతు చేలో పందిని తోలడానికి నాటు తుపాకి పెట్టుకోవాలంటే మాత్రం కచేరీ చుట్టూ తిరగాలి. కూర్గులో కొడవలకు ఇచ్చిన మినహాయింపు ఇప్పటికీ నడుస్తూ ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 దాకా పొడిగించింది. కర్ణాటకలోని మన సభ్యులు "వాళ్ళకుంది, మనకెందుకు లేదు" అని అడుగుతుంటారు. జవాబు ఆ 1878 చట్టం నాటి లెక్కల్లోనే ఉంది.

కాంగ్రెసు పుట్టిన కొత్తలోనే ఈ సంగతి ఎత్తింది. 1887లో మద్రాసులో జరిగిన మూడో మహాసభ ఆయుధ చట్టాన్ని సడలించమని తీర్మానం చేసింది. 1920 నాటికి కొత్త నియమాల్లో జాతిని బట్టి ఇచ్చే మినహాయింపును తీసేశారు. 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నియమాలకు లోబడి ప్రతి పౌరుడికీ ఆయుధం ఉంచుకునే హక్కు ఉంటుందని కూడా చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 డిసెంబరులో, హెచ్.వి. కామత్ దాన్ని గుర్తుచేసి రాజ్యాంగంలో పెట్టమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సభా ఒప్పుకోలేదు. అప్పుడే దేశ విభజన నెత్తురు చూసిన సభ అది. అందుచేత మన దేశంలో తుపాకి హక్కు కాదు, అనుమతి. మన ప్రశ్నలన్నిటికీ మూలం ఈ ఒక్క మాట. నగ అయితే హక్కుతో వస్తుంది, పొలం అయితే పత్రంతో వస్తుంది. తుపాకి మాత్రం ఎవరి పేరున అనుమతి ఉందో వాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ మనిషి పోతే అనుమతీ పోతుంది. ఇనుము మాత్రం ఇంట్లో మిగులుతుంది.

ఇంతలో మన చుట్టూ గీతలు మారుతూ వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న గంజాం తెలుగువాళ్ళు లేచేసరికి ఒరిస్సా రాష్ట్రంలో ఉన్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరైంది. 1956 నవంబరు 1న భాషా రాష్ట్రాలు వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసుకు వచ్చింది, మద్రాసు నుంచి కొన్ని ఊళ్ళు చిత్తూరు జిల్లాకు పోయాయి. ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు, తుపాకి గోడ మీదనే ఉంది. ఆ ఇంటి మీద అధికారం ఉన్న కచేరీ మాత్రం మారింది. అదే కాలంలో 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. బంగళాల్లో వరసగా నిలబెట్టిన తుపాకులు దాయాదుల పంపకాల్లో పడ్డాయి. పొలం పంచుకున్నట్టే తుపాకీ పంచుకున్నారు. పొలానికి పట్టా మార్చుకున్నంత శ్రద్ధగా తుపాకికి లైసెన్సు మార్చుకోని ఇళ్ళు ఎన్నో.

స్వతంత్ర భారతం తన సొంత ఆయుధ చట్టాన్ని 1959లో చేసింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. సంస్థానాల హద్దులు అప్పటికే చెరిగిపోయాయి కాబట్టి హోసూరు నుంచి బెంగళూరుకు పోవడం ఇప్పుడు ఎగుమతి కాదు. రాష్ట్రాల మధ్య తుపాకి అమ్మకూడదని ఈ చట్టం ఎక్కడా అనలేదు. అయితే ప్రతి లైసెన్సూ ఒక అధికారి ఇచ్చేది. జిల్లాల్లో కలెక్టరు, కమిషనరేటు ఉన్న నగరాల్లో పోలీసు కమిషనరు. ఆ లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. కొందరిది సొంత రాష్ట్రం వరకే. ఆ మేర దాటగానే చేతిలోని తుపాకి లైసెన్సు లేని తుపాకి అవుతుంది. పాత రోజుల్లో సంస్థానాల హద్దు నేల మీద ఉండేది. ఇప్పటి హద్దు లైసెన్సు పుస్తకంలో ఉంది.

తరువాత ఇంకో మార్పు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను దాదాపు ఆపేసింది. రాజపాళయం రాజులు, వాళ్ళ తెల్ల వేటకుక్కలు, పడమటి కొండల వేట అన్నీ కథలయ్యాయి. ఆ చట్టంలో మనవాళ్ళు చాలామంది ఎరగని సెక్షన్ ఒకటుంది, 34వది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల నివసించే లైసెన్సుదారు అటవీశాఖ దగ్గర కూడా పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ కొత్త లైసెన్సు కావాలంటే ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి సమ్మతి ముందే ఉండాలి. శ్రీవిల్లిపుత్తూరు తట్టున కొండ కింద ఊళ్ళున్నాయి, అక్కడ 1988 నుంచి అభయారణ్యం ఉంది. కొనేవాడి ఊరు ఇలాంటి చోట ఉంటే, ఆ సమ్మతి రాకముందే బయానా పుచ్చుకోవద్దు.

ఇక రవాణా మాట. మేము రైల్వేలో పార్సెల్ లెక్కలు రాసినవాళ్ళం కాబట్టి ఇది మా సొంత తావు. పార్సెల్ ఆఫీసులో గుమాస్తాకి మొదట నేర్పేది ఒకటే. పెట్టెలో ఏముందో గుమాస్తా చెప్పడు, పంపేవాడు చెప్పాలి. ఫార్వర్డింగ్ నోటు మీద సరుకు వివరం రాసి సంతకం పెట్టేది పంపేవాడు. తప్పు రాస్తే శిక్ష అతనికే. 1890 రైల్వే చట్టంలోనూ, ఇప్పటి 1989 చట్టంలోనూ ప్రమాదకరమైన సరుకు గురించి వేరే సెక్షన్లున్నాయి. ముందుగా చెప్పకుండా అలాంటి సరుకు రైలెక్కించడం నేరం. తుపాకి వేరు, తోటాలు వేరు అన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. తోటాలో మందు ఉంటుంది, అది పేలుడు సరుకు లెక్క. దాని కోసం రైల్వేలో రెడ్ టారిఫ్ అని ప్రత్యేక నియమాల పుస్తకమే ఉంది. పాత బట్టలు అని రాసి నడుమ తోటాల డబ్బా పెట్టి పంపితే, వేసవిలో మూసిన పెట్టెలో ఏం జరగచ్చో పార్సెల్ బండి ఎక్కించే హమాలీలను అడగండి. పోస్టులో అంతకంటే కూడదు. 1898 పోస్టాఫీసు చట్టం నాటి నుంచే పేలుడు వస్తువులు పోస్టులో వెయ్యడం నిషేధం.

తుపాకి రవాణాకు ఆయుధ చట్టం 12వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం లైసెన్సు పెట్టచ్చు. ఆ ప్రకారం ఆయుధాల నియమాల్లో రవాణా లైసెన్సు అని వేరే ఉంటుంది. ఇప్పుడు నడిచేవి 2016 నియమాలు. లైసెన్సుదారు తన తుపాకిని తన లైసెన్సు చెల్లే మేరలో తానే తీసుకుపోవడం ఒక పని. ఇంకొకరి చేత, ఒక కంపెనీ చేత, సరుకుగా పంపడం ఇంకో పని. రెండోదానికి కాగితాలు వేరు. అందుకే తెలిసినవాళ్ళు సొంతంగా పార్సెల్ కట్టరు. లైసెన్సున్న ఆయుధ డీలరు ద్వారా పంపుతారు. డీలరుకు రిజిస్టరు ఉంటుంది, రవాణా అనుమతి తీసుకునే అలవాటు ఉంటుంది, అవతలి ఊరి డీలరుతో లెక్క ఉంటుంది.

ఇప్పుడు అమ్మకం వరుస చెబుతాము. పైన చెప్పిన చిన్న వాకిలి 1959 చట్టంలో 5వ సెక్షన్‌లో ఉంది. సొంత వాడకపు తుపాకిని అర్హుడికి అమ్మడానికి ఇప్పుడు కూడా వ్యాపార లైసెన్సు అక్కరలేదు. 1878లో అమ్మిన తరువాత తెలిపితే చాలు. ఇప్పుడు అమ్మకముందే తెలపాలి. జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషన్ అధికారికో రాతమూలంగా, అమ్మాలనుకుంటున్నాము, ఫలానా పేరు, ఫలానా చిరునామా గల వ్యక్తికి అని రాసివ్వాలి. ఇచ్చిన తరువాత 45 రోజులు గడవాలి. అప్పుడే తుపాకి చెయ్యి మారాలి. ఆ సెక్షన్‌లో 'అమ్మకం' అని మాత్రమే లేదు, 'అమ్మకం లేదా బదిలీ' అని ఉంది. డబ్బు పుచ్చుకోకుండా మేనల్లుడికి కానుకగా ఇచ్చినా అది బదిలీయే. అల్లుడికి పెళ్ళిలో ఇచ్చినా అంతే. చుట్టరికం ఆ 45 రోజులను ఒక్క రోజు కూడా తగ్గించదు.

కొనేవాడి వైపు ఇంకో వరుస. అతనికి తన ఊరి అధికారి ఇచ్చిన లైసెన్సు ముందే ఉండాలి, ఆ రకం తుపాకి దాని మీద రాసి ఉండాలి. వయసు 21 నిండాలి. చిత్తూరు మేనల్లుడికి చిత్తూరు జిల్లా లైసెన్సు కావాలి. తిరునెల్వేలి మామ లైసెన్సు అతనికి పనికిరాదు. లైసెన్సు జాతీయ డేటాబేసులో ఎక్కి, యూఐఎన్ అనే గుర్తింపు నంబరు వచ్చి ఉండాలి. పాత కాగితపు పుస్తకం ఒక్కటే చాలదు. చేరిన తరువాత కొన్నవాడి లైసెన్సులో తుపాకి నంబరు ఎక్కించుకోవాలి, అమ్మినవాడి లైసెన్సులో కొట్టివేయించుకోవాలి. ఈ రెండోది మరిచిపోయేవాళ్ళు చాలామంది. ఎలక్షన్ వచ్చినప్పుడు తుపాకి స్టేషన్‌లో జమ చెయ్యమని కబురు వస్తుంది, ఇంట్లో తుపాకి ఉండదు. ఎక్కడికి పోయిందో చెప్పలేక ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటారు.

ఇంకో రెండు హెచ్చరికలు. తుపాకి మీద తయారీదారు పేరు, నంబరు లేదా ఒప్పుకున్న గుర్తు లేకపోతే దాన్ని అమ్మకూడదని 8వ సెక్షన్ చెబుతుంది. ఊరి కమ్మరి కొలిమిలో చేసిన నాటు తుపాకులకు పేరూ నంబరూ ఎక్కడుంటాయి? అలాంటివి కొనుగోలుకు బేరం పెట్టవద్దు. రెండోది, నిషేధిత బోరు ఆయుధాలు. వాటి లెక్క ఢిల్లీలో హోం శాఖది, కలెక్టరాఫీసులో తేలదు. రిపేరు చేసినా చెయ్యకపోయినా కాల్చడానికి రాని పాత తరహా తుపాకికి మాత్రం 45వ సెక్షన్‌లో చట్టం వర్తించదు. అయితే అది పేలుతుందా లేదా అని తేల్చేది మనం కాదు. గోడ మీద అలంకారమే కదా అని ఊరుకోక, రాసిచ్చి తేల్చించుకోవడం మేలు.

అసలు ఆపద లైసెన్సుదారు పోయిన ఇళ్ళలో ఉంది. తాతగారు పోతారు. బ్యాంకు ఖాతా మారుస్తాము, కరెంటు మీటరు పేరు మారుస్తాము, రేషను కార్డులో పేరు తీయిస్తాము. తుపాకి మాత్రం పరుపుల కింద, అటక మీద, ఇనప్పెట్టెలో ఉండిపోతుంది. పోయినవారి లైసెన్సు కింద కొడుకు ఉంచుకోకూడదు. 21వ సెక్షన్ ప్రకారం తుపాకి ఉంచుకోవడం న్యాయం కాని రోజు వచ్చాక, ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చెయ్యాలి. జమ చేసినంత మాత్రాన పోగొట్టుకున్నట్టు కాదు. వారసుడు లైసెన్సు తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు, లేదా జమలో ఉండగానే అర్హుడికి అమ్మించచ్చు. గడువులోపల ఏదీ చెయ్యకపోతే అది సర్కారు పరం అవుతుంది. రశీదు భద్రంగా పెట్టుకోవాలి. పది సంవత్సరాల తరువాత అడిగితే స్టేషన్‌లో అప్పటి మనుషులు ఉండరు.

పెద్దవాళ్ళు బతికుండగానే చేసుకునే దారి ఇంకా మంచిది. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, తుపాకి 25 ఏళ్ళు ఉంచుకున్నా, తన వారసుడి పేరున లైసెన్సు ఇవ్వమని అడగచ్చు. మన సంఘంలో 70 దాటిన లైసెన్సుదారులు ఉన్నారు. వారసులు పక్క రాష్ట్రాల్లో ఉన్నారు. తండ్రి బతికుండగా ఆయన సంతకంతో నడిచే పని, ఆయన పోయాక మరణ ధ్రువపత్రం, వారసత్వ పత్రం, మిగతా వారసుల ఒప్పుదల అని సాగిపోతుంది.

నిర్లక్ష్యం ఇప్పుడు ముందటి లెక్క కాదు. 2019 డిసెంబరు 14 నుంచి అమలైన సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు 3 నుంచి 2కు తగ్గాయి. మూడోది ఏడాది లోపల జమ చెయ్యమన్నారు. లైసెన్సు గడువు 3 నుంచి 5 సంవత్సరాలైంది, అది సౌకర్యమే. లైసెన్సు లేకుండా మామూలు తుపాకి ఉంచుకున్న నేరానికి మాత్రం శిక్ష ఏడాది నుంచి మూడేళ్ళు ఉన్నది, రెండేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ముందుగా తెలపకుండా అమ్మితే, 45 రోజులు కాకముందే ఇస్తే, అది మళ్ళీ వేరే నేరం. అటక మీది తుపాకి గురించి తెలియని కోడలు ఇల్లు శుభ్రం చేస్తూ దాన్ని బయటపెట్టినా, పాత ఇనుము వాడికి వేసినా, కేసు పడేది ఇంటి మీద.

ఈ చరిత్రంతా చూస్తే మాకు ఒకటి కనబడుతుంది. 1801లో కంపెనీవాళ్ళు మన ఆయుధం లాగేసుకున్నది మనల్ని శత్రువులుగా చూసి. 1878 చట్టం మనల్ని నమ్మకుండా చేసింది. 1959 చట్టం మన పార్లమెంటు చేసినదే అయినా, పాత చట్టం ఎముకల మీద కండ పెట్టినదే. దాని మీద కోపం ఉండచ్చు, వాదించచ్చు. అయితే తుపాకి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయే ప్రతిసారీ ఎవరిస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు, ఏ దారిన పోతోంది అని మూడు ప్రశ్నలు అడగడం తప్పు కాదు. తుపాకి దారి తప్పితే చచ్చేది ఎవరో ముందుగా తెలియదు. రైల్వేలో మేము నేర్చుకున్న మాట ఇక్కడ కూడా సరిపోతుంది: కాగితం ముందు పోవాలి, సరుకు వెనక పోవాలి. కాగితం లేకుండా ముందు పోయిన సరుకును ఎవరూ తమదని చెప్పుకోలేరు.

కాబట్టి సంఘానికి ఒక మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించండి. ఇంట్లో తుపాకి ఉన్నవాళ్ళు పేర్లు బయట చెప్పక్కరలేదు. ఆయుధ కేసులు తెలిసిన వకీలును పిలిచి, లైసెన్సు గడువు, యూఐఎన్, వారసుడి దరఖాస్తు, జమ రశీదు, 45 రోజుల నోటీసు ఎలా రాయాలో తమిళంలోనూ తెలుగులోనూ నమూనాలు తయారుచేయించి పంచండి. కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర, యానాం శాఖలవాళ్ళు తమ భాషలో వేసుకోవచ్చు. నియమాలు అప్పుడప్పుడు మారుతాయి కాబట్టి, ఏదైనా చేసే ముందు మీ కలెక్టరాఫీసులోని ఆయుధాల సెక్షన్‌లో ఒకసారి కనుక్కోండి. అంతవరకు తాతగారి తుపాకి ఎవరికీ ఇవ్వకండి, ఏ బండీ ఎక్కించకండి. తాతగారు ఇంకా ఉంటే ఈ వారమే ఆయన లైసెన్సు పుస్తకం తీసి గడువు తేదీ చూడండి. ఆయన లేకపోతే ఈ వారమే తుపాకిని జమ చేసే పని మొదలుపెట్టండి.